కంటికురుపు లేస్తే చుక్కల మందు కొనుక్కోవచ్చా?

చాలాసార్లు మందే అక్కర్లేదు, కాపడం చాలు. రెప్పవెంట్రుక మొదట్లో ఉండే నూనెగ్రంథి పూడుకుపోయి, చర్మం మీదుండే స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా అందులో చేరితే చీము పడుతుంది. అదే కంటికురుపు.

ఉతికిన చేతిరుమాలును గోరువెచ్చని నీళ్లలో ముంచి, పిండి, మూసిన రెప్ప మీద 10 నిమిషాలు ఉంచండి. రోజుకు 3, 4 సార్లు. చాలామంది పొరబడేది ఇక్కడే: గుడ్డ రెండు నిమిషాల్లోనే చల్లారిపోతుంది, మళ్లీ మళ్లీ ముంచాలి. వేడి నిలిస్తేనే గడ్డకట్టిన నూనె కరిగి దారి తెరుచుకుంటుంది. ముందు ముంజేతికి తాకించి చూసుకోండి, రెప్ప చర్మం చాలా పల్చన.

గిల్లొద్దు, పిండొద్దు, చీము లోపలికి పాకుతుంది. లవంగం అరగదీసి పెట్టడం మన ఇళ్లల్లో మామూలే గానీ, కంట్లో పడితే మంట తప్ప లాభం లేదు. స్టెరాయిడ్ కలిసిన చుక్కలు డాక్టరు చూడకుండా అసలే వద్దు. తగ్గేదాకా కాటుక, కాంటాక్ట్ లెన్సులు మానేయండి. ఆ పాత కాటుక డబ్బా పారేయండి.

బండి మీద హైదరాబాద్ దుమ్ములో తిరిగొచ్చి అదే చేత్తో కళ్లు నులుముకునే అలవాటుంటే మళ్లీ మళ్లీ వస్తుంది. మాటిమాటికీ వస్తుంటే షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి.

రెండు వారాలకూ తగ్గకపోతే మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. రెప్పంతా వాచి జ్వరం వచ్చినా, చూపు మసకబారినా, కన్ను తిప్పితే నొప్పెట్టినా అదే రోజు వెళ్లాలి.