ఆత్మీయ జీవితం ఎండిపోయిందనిపించినప్పుడు దేవుని మీద ఆధారపడడం ఎలా? నా అనుభవం

మీ ప్రశ్న చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. ప్రార్థన మానలేదనీ, బైబిలు పఠనం తప్పడం లేదనీ, అయినా లోపల ఎండిపోయినట్టే ఉందనీ రాశారు. "దేవుని మీద ఆధారపడండి" అని చెప్పేవారే గానీ, పొద్దున్నే లేచి ఏం చేస్తే అది ఆధారపడడం అవుతుందో చెప్పేవారు లేరనీ అన్నారు. నాకు తెలిసినంతలో దానికి ఒకటే జవాబు ఉంది. దేవుడు బలాన్ని నిల్వగా ఇచ్చి పంపడు. ఆ పూటకు సరిపడేది ఆ పూట ఇస్తాడు. దాని కోసం మళ్ళీ మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళవలసి వస్తోందంటే మన విశ్వాసంలో లోపం ఉందని కాదు, విశ్వాస జీవితం నడిచే తీరే అది. ఆత్మీయ ఎదుగుదల ఆ రాకపోకల్లోనే జరుగుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ నమ్మకం నాకు మా అమ్మ మంచం పక్కన కుదిరింది. అమ్మకు పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, వాటితోపాటే మాట కూడా పోయింది. మేము చెప్పేది ఆమెకు అర్థమయ్యేది గానీ, తాను చెప్పదలచుకున్నది నోటికి వచ్చేది కాదు. మంచినీళ్ళు కావాలన్నా ఎడమ చేత్తో సైగ చేయవలసిందే, ఆ సైగ మాకు అందకపోతే కళ్ళ నీళ్ళు పెట్టుకునేది. కదలకుండా ఒకే వైపు పడుకుంటే నడుము మీద, మడమల మీద పుండ్లు పడతాయనీ, రెండేసి గంటలకు ఒకసారి పక్కకు తిప్పుతూ ఉండాలనీ నర్సు చెప్పి, తిప్పడం ఎలాగో దగ్గరుండి నేర్పించింది. ఒక చేయి భుజం వెనక, ఇంకో చేయి తుంటి వెనక వేసి, ఆమె మోకాలు ముందే మడిచి ఉంచి, మెల్లగా నా వైపుకు దొర్లించుకోవాలి. ఆ తరువాత వీపుకు ఒక దిండు ఆనించి, మోకాళ్ళ మధ్య మరొకటి పెట్టాలి. రాత్రిళ్ళు అలారం పెట్టుకుని లేచి చేసేవాణ్ణి.

అంతకుముందు నేను సంఘంలో యౌవనస్థుల కూడికలు నడిపేవాణ్ణి, ఎవరు అడిగినా నిలబడి ఎంతసేపైనా ప్రార్థన చేయగలిగేవాణ్ణి. ఆ రోజుల్లో మాత్రం మోకరిస్తే ఒక్క మాట కూడా వచ్చేది కాదు. ఒక తెల్లవారుజామున పక్క తడిసిపోయింది. ఆమెను ఒక వైపుకు ఒత్తిగిలించి పాత దుప్పటి సగం చుట్టి, కొత్తది సగం పరిచి, మళ్ళీ రెండో వైపుకు తిప్పి పని ముగించేసరికి నాకు నిలబడే ఓపిక కూడా లేదు. మంచం కోడుకు ఆనుకుని నేల మీద కూర్చుని, ఇంకేమీ తోచక, చిన్నప్పుడు నేర్చుకున్న ప్రభువు ప్రార్థన, అంటే యేసు తన శిష్యులకు నేర్పిన ప్రార్థన, మొదలుపెట్టాను. "పరలోకమందున్న మా తండ్రీ" అన్నాక గొంతు పూడుకుపోయింది. ఆ తరువాతి మాట మంచం మీది నుంచి వినిపించింది. ముద్దముద్దగా, అక్కడక్కడా ఆగుతూ, అమ్మే ప్రార్థన అందుకుంది. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్న దగ్గర మాట చాలా స్పష్టంగా పలికింది. నీళ్ళు కావాలని అడగలేని మనిషి ఆ ప్రార్థన చివరిదాకా చెప్పింది.

సొంతంగా మాట కూర్చుకునే శక్తి దెబ్బతిన్నా, ఏళ్ళ తరబడి కంఠస్థమైన ప్రార్థనలు, పాటలు, అంకెల వరుసలు కొందరికి మిగిలి ఉంటాయని డాక్టరు తరువాత వివరించారు. ఆ వివరణ వల్ల ఆ తెల్లవారుజాము నాకు చిన్నదైపోలేదు. అమ్మ తన బలంతో కూర్చుకోగలిగిన మాటలన్నీ పోయిన తరువాత ప్రభువు ఆమెకు నేర్పించిన మాట మిగిలింది, మాటలన్నీ ఉన్న నన్ను ఆ పూటకు ఆ మాటే నిలబెట్టింది. అప్పటి నుంచి నేను చాలా రోజులు ప్రార్థనలో కోరింది ఒక్కటే: ప్రభువా, ఈ ఒక్క రోజుకు ఓపిక ఇవ్వు.

నిర్గమకాండము 16వ అధ్యాయాన్ని నేను నిజంగా చదివింది ఆ తరువాతే అంటాను. ఇశ్రాయేలీయులు అరణ్యంలో దేవుడు కురిపించిన మన్నా అనే ఆహారాన్ని తలకు ఒక ఓమెరు (అప్పటి ఒక కొలత) చొప్పున కూర్చుకోవాలి, ఉదయం వరకు ఏమీ మిగుల్చుకోకూడదు. మాట వినకుండా దాచుకున్నవారి మన్నా పురుగు పట్టి కంపు కొట్టింది. అయితే విశ్రాంతి దినం కోసం ఆరవ రోజున రెండింతలు కూర్చుకోమని దేవుడే చెప్పాడు, ఆ మన్నా చెడలేదు. దాచుకోవడమే పాపమైతే అలా చెప్పేవాడు కాదు. ఇచ్చేవాడి మాట మీద కాక దాచుకున్న దాని మీద నమ్మకం పెట్టుకోవడం అక్కడి సమస్య. వాళ్ళు 40 ఏళ్ళు అలా తిన్నారు. మీరు ఎండిపోయానని అనుకోవడానికి కారణం బహుశా ఇక్కడే ఉంది: ఎప్పుడో ఒక కూడికలో పొందిన మంటతో ఏళ్ళ తరబడి బతకాలని చూస్తాం, అది చల్లారితే దేవుడు దూరమయ్యాడని బెంగపడతాం.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. అలసిపోయిన విశ్వాసి దొరికితే చాలు, ఇంకా ఎక్కువ ప్రార్థించమనీ, ఇంకొక ఉపవాసం ఉండమనీ, ఎక్కడో పాపం దాగి ఉంటుంది వెతుక్కోమనీ చెప్పేవారు మన సంఘాల్లో ఎక్కువయ్యారు. అమ్మను చూడడానికి వచ్చిన ఒకరు, విశ్వాసం ఉంటే ఇన్ని మందులు ఎందుకని ఆమెకు వినపడేలాగానే అన్నారు. అలాంటివారు మొదటి రాజులు 19వ అధ్యాయం నెమ్మదిగా చదవాలి. కర్మెలు పర్వతం మీద తన ప్రార్థనకు జవాబుగా అగ్ని దిగిరావడమనే అంత గొప్ప కార్యం చూసిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరింపుతో పారిపోయి, బదరీవృక్షం కింద కూర్చుని తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. దేవుడు అక్కడ అతన్ని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, దూతను పంపి నిప్పుల మీద కాల్చిన అప్పమూ నీళ్ళూ ఇప్పించాడు, మళ్ళీ నిద్రపోనిచ్చి మళ్ళీ తినిపించాడు. "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అని దూత చెప్పాడు. ఆ భోజనపు బలంతోనే ఏలీయా 40 పగళ్ళు, 40 రాత్రులు నడిచి హోరేబు పర్వతానికి చేరాడు. నూతన బలం అతనికి నిద్రగా, ఆహారంగా వచ్చింది. కాబట్టి అలసిన శరీరానికి విశ్రాంతి ఇవ్వడం కూడా దేవుని మీద ఆధారపడడమే అని నేను ఏ సంకోచమూ లేకుండా చెబుతాను.

రెండో బాధ మన సాక్ష్యాల గురించి. స్వస్థతతోనో ఉద్యోగంతోనో ముగియని సాక్ష్యానికి వేదిక మీద చోటు దొరకడం లేదు. అమ్మ మళ్ళీ నడవలేదు. కొంతకాలానికి ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. అయినా ఆ కాలంలో నేను ఎదిగినంతగా ఇంకెప్పుడూ ఎదగలేదు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను బాధించే ఒక బలహీనత, తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ప్రభువు దాన్ని తీసివేయకుండా "నా కృప నీకు చాలును" అన్నాడు. బాహ్యపురుషుడు కృశిస్తున్నా ఆంతర్యపురుషుడు దినదినము నూతనపరచబడుతున్నాడని రాసింది కూడా ఆ పౌలే. కృశించడమూ నూతనం కావడమూ ఒకే మనిషిలో, ఒకే కాలంలో జరుగుతాయని అతను ఒప్పుకున్నాడు, మనమెందుకు ఒప్పుకోలేకపోతున్నామో నాకు అర్థం కాదు.

ఆధారపడడం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడమని అనుకునేవారికి జార్జ్ ముల్లర్ జీవితం చాలు. 1836లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో అనాథాశ్రమం మొదలుపెట్టి, విరాళాల కోసం మనుషులను అడగకుండా దేవుణ్ణే అడుగుతూ, 1898లో చనిపోయేలోగా 10,000 మందికి పైగా పిల్లలను సాకాడు. వచ్చిన డబ్బుకు లెక్కలు జాగ్రత్తగా రాశాడు, నివేదికలు ప్రచురించాడు. అతని గురించి మాట్లాడేవారు వచ్చిన డబ్బు గురించే ఎక్కువగా మాట్లాడతారు. నాకు ఉపయోగపడింది వేరే విషయం. 1841 నుంచి అతను ఉదయాన్నే నేరుగా ప్రార్థనకు దిగకుండా, ముందు వాక్యం ధ్యానించి, తన ఆత్మకు ఆహారం అందిన తరువాత ప్రార్థించడం అలవాటు చేసుకున్నాడు. మాటలు రాని మనిషికి ఇది గొప్ప ఆదరణ, ఎందుకంటే మొదటి మాట దేవుడిదే అవుతుంది, మనం దానికి జవాబు చెబితే చాలు.

అందుకే మీకు కూడా ఇదే చెబుతాను. రోజుకు ఇన్ని అధ్యాయాలన్న లెక్క కొంతకాలం పక్కన పెట్టండి. ఒక కీర్తన తీసుకుని పైకి వినపడేలా చదవండి. 42వ కీర్తనతో మొదలుపెట్టవచ్చు, అందులోని మనిషి కూడా దప్పికతోనే ఉన్నాడు. ఆ రోజు మీ వల్ల కాని పని ఏదో ఒకటి పేరు పెట్టి దేవునికి చెప్పండి: ఫలానా మనిషితో కోపం లేకుండా మాట్లాడడం కావచ్చు, ఫలానా జబ్బు మనిషికి సేవ చేయడం కావచ్చు. ఆ తరువాత లేచి ఆ పనికి వెళ్ళండి. ఉత్సాహం కలిగిందా లేదా అని చూసుకోకండి. చేతకానప్పుడు ఆయన వైపు తిరగడానికి, మునుపటి రోజుల్లో పట్టినంత సేపు ఇప్పుడు పడుతోందా అని చూసుకోండి. నా లెక్కలో ఎదుగుదలను కొలవడానికి అంతకంటే మంచి గుర్తు లేదు.

ఇంకొక మాట. దేవుని మీద ఆధారపడేవాడు మనుషుల సాయం తీసుకోకూడదన్న భావం చాలామందిలో ఉంది. ఏలీయాను కెరీతు వాగు దగ్గర కాకులతో పోషించిన దేవుడే, ఆ తరువాత సారెపతులో ఒక పేద విధవరాలి చేత పోషింపజేశాడు. మా సంఘంలోని ఒక పెద్దావిడ వారంలో కొన్ని రాత్రులు వచ్చి అమ్మ దగ్గర కూర్చునేది. ప్రార్థన కూడా పెద్దగా చేసేది కాదు, నన్ను పడుకోమని పంపేది. మీరు ఎండిపోయారన్న సంగతి ఇక్కడ పేరు లేకుండా రాయగలిగారు కదా, దాన్ని మీ సంఘంలో మీరు నమ్మే ఒకరికి ఈ వారంలోనే నోరు తెరిచి చెప్పండి, వాళ్ళు సాయం చేస్తామంటే వద్దనకండి.