డిస్క్ టిక్కుటిక్కుమంటుంటే ముందు సింక్ ఆపండి: పాటల బ్యాకప్, కారు పెన్ డ్రైవ్ వరస, తెలుగు పేర్ల తిప్పలు

మీ ప్రశ్న నాకర్థమైనంతలో ఇదీ. అమ్మగారు కూడబెట్టిన 6,000 కీర్తనలు, హరికథలు ల్యాప్‌టాప్ డి డ్రైవ్‌లో ఐట్యూన్స్ (ఆపిల్ వాళ్ల పాటల ప్రోగ్రామ్) కింద ఉన్నాయి. డిస్క్ చప్పుడు చేస్తోంది. ఫోన్‌లోకి కొన్ని పాటలు ఎక్కడం లేదు, కారులో వరస తప్పి మోగుతున్నాయి, పేర్లు పిచ్చి గీతలుగా వస్తున్నాయి. ఫోన్‌కి సింక్ చేయడం (పాటలు ఎక్కించడం) ఆపేయండి, అదీ కారు సంగతీ తర్వాత చూద్దాం, అన్నా. చప్పుడు చేసే డిస్క్ ఎన్నాళ్లుంటుందో చెప్పలేం, ముందు పాటలు బయటికి తీయాలి.

ఆ డిస్క్ మీద విండోస్‌లోని చెక్‌డిస్క్ (తప్పులు వెతికేది), డీఫ్రాగ్ (ఫైళ్లను సర్దేది) రెండూ నడపొద్దు. బాగుచేస్తాయనుకుంటాం గానీ, పోయేముందున్న డిస్క్‌ని గంటలకొద్దీ తిప్పి అవే చంపేస్తాయి. బయటి హార్డ్ డిస్క్ ఒకటి తగిలించి, మళ్లీ ఎక్కడా దొరకనివి మొదట కాపీ చేయండి: క్యాసెట్ల నుంచి ఎక్కించినవి, ఇంట్లో, గుళ్లో రికార్డు చేసుకున్నవి. ఎక్కడైనా మళ్లీ దొరికే ఆల్బమ్‌లు ఆఖర్న. చోటు గురించి బెంగ అక్కర్లేదు. 128 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి సుమారు 1 ఎంబీ, 320 అయితే 2.4 ఎంబీ. పాట 5 నిమిషాలనుకున్నా 6,000 పాటలకు 30 నుంచి 72 జీబీ. 500 జీబీ డిస్క్ ధారాళంగా సరిపోతుంది.

కాపీకి విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కమాండ్ వాడండి, కానీ దాని వెనక ఆర్:1 (మళ్లీ ఒక్కసారే ప్రయత్నించడం), డబ్ల్యూ:1 (ఒక్క సెకనే ఆగడం) అనే స్విచ్చులు తప్పకుండా పెట్టండి. అవి లేకపోతే చదవలేని ఒక్కో ఫైల్ దగ్గర 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. చెడిన పాట ఒక్కటి తగిలితే అక్కడే కూర్చుండిపోతుంది. సబ్ ఫోల్డర్లన్నీ రావడానికి ఇ స్విచ్ పెట్టండి. ఎంఐఆర్ స్విచ్ మాత్రం వద్దు. అది ఇక్కడ లేనిదాన్ని అక్కడా తుడిచేస్తుంది. పని అయ్యాక ‘ఫెయిల్డ్’ గడిలో సున్నా ఉందో లేదో చూసుకోండి.

ఐట్యూన్స్‌లో ఇంకో మెలిక ఉంది. ‘కాపీ ఫైల్స్ టు ఐట్యూన్స్ మీడియా ఫోల్డర్’ టిక్ లేకపోతే పాటలు డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో ఎక్కడివక్కడే ఉంటాయి, లిస్టులో మాత్రం అన్నీ ఒకచోట ఉన్నట్టు కనిపిస్తాయి. మొదటి కాపీ చేతికొచ్చాక, అడ్వాన్స్‌డ్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా ఫోల్డర్‌ని బయటి డిస్క్‌కి మార్చి, ఫైల్ మెనూ, లైబ్రరీ, ఆర్గనైజ్ లైబ్రరీలో ‘కన్సాలిడేట్ ఫైల్స్’ నొక్కితే చెల్లాచెదురుగా ఉన్నవన్నీ అక్కడికి చేరతాయి. ఐట్యూన్స్ ఫోల్డర్లో ఉండే ఐటీఎల్ ఫైల్‌నీ (లైబ్రరీ జాబితా ఉండేది) కాపీ చేయండి. ప్లేలిస్టులు, రేటింగులు, ఎన్నిసార్లు విన్నదీ అందులోనే ఉంటాయి, పాట ఫైల్లో ఉండవు.

రెండో కాపీ ఇంకో డిస్క్‌లో చేసి చిత్తూరులోనో, మరో ఊళ్లోనో చుట్టాలింట్లో పెట్టండి. అన్నమయ్య 32,000 సంకీర్తనలు రాశారంటారు. రాగిరేకుల మీద మనదాకా వచ్చినవి అందులో సగం కూడా లేవు. ఒకచోటే ఉన్నదాన్ని నమ్ముకోకూడదని మన తిరుపతివాళ్లకు వేరే చెప్పాలా? కారు పెన్ డ్రైవ్‌ని మాత్రం బ్యాకప్ లెక్కలో వేయొద్దు. ఎండాకాలం అలిపిరి దగ్గర బండి పెట్టి కొండకెళ్లొచ్చేలోపు అది లోపల ఉడికిపోతుంది.

ఇక పేర్లు. తెరమీద ఖాళీ డబ్బాలు వస్తుంటే ఆ స్టీరియోలో తెలుగు ఫాంటే లేదు, ట్యాగులు (పాట ఫైల్లోనే రాసి ఉండే పేరు, పాడినవారి వివరాలు) ఎంత దిద్దినా లాభం లేదు. ప్రశ్నార్థకాలు, వింత ఇంగ్లిష్ అక్షరాలు వస్తే అది ఎన్‌కోడింగ్ (అక్షరాలను అంకెలుగా దాచే పద్ధతి) తప్పు. ట్యాగులు దిద్దే ఎంపీ3ట్యాగ్ ప్రోగ్రామ్ ఆప్షన్స్‌లో ‘ఐడీ3వీ2.3, యూటీఎఫ్-16’ ఎంచుకుని, పాటలన్నీ సెలెక్ట్ చేసి సేవ్ చేస్తే చాలాచోట్ల కుదురుకుంటుంది. ఎంపీ3ట్యాగ్‌లోనే గజిబిజిగా కనిపిస్తే అను అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన పేర్లయి ఉండొచ్చు. అవి యూనికోడ్ (ఇప్పుడు అన్నిచోట్లా చెల్లే అక్షరాల లెక్క) కావు కాబట్టి కన్వర్టర్‌లో మార్చాలి, లేదా మళ్లీ టైపు చేయాలి. అసలు కాపీలో తెలుగు పేర్లే ఉంచండి. ఇంగ్లిష్ అక్షరాల పేర్లు కారు పెన్ డ్రైవ్‌లోని కాపీకి మాత్రమే పెట్టండి.

కారులో వరస తప్పడానికి చాలాసార్లు ట్యాగులతో సంబంధం ఉండదు. చాలా స్టీరియోలు పేరు వరసలో కాక, పెన్ డ్రైవ్‌లోని ఫ్యాట్32 (ఫైళ్లను దాచే ఒక పద్ధతి) పట్టికలో ఫైల్ రాసిన వరసలో పాడతాయి. మధ్యలో ఒకటి తీసేసి కొత్తది వేస్తే ఆ ఖాళీ గడిలో కొత్తది కూర్చుంటుంది. 32 జీబీ లోపు పెన్ డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, పేర్ల ముందు 001, 002 అంకెలు వేసి కాపీ చేసి, డ్రైవ్‌సార్ట్ లాంటి ప్రోగ్రామ్‌తో పట్టికనే సర్దండి. పాత స్టీరియోలు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్ అనే కొత్త పద్ధతిని చదవలేవు.

ఫోన్‌లోకి ఎక్కనివి పొడుగు పేర్లున్న పాటలేనేమో చూడండి. తెలుగు పాటలకే తగిలే చిక్కు ఇది. విండోస్ ఫైల్ పేరుకు 255 అక్షరాలిస్తుంది, ఆండ్రాయిడ్ 255 బైట్లే ఇస్తుంది. తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, పొల్లు, గుణింతం గుర్తులూ విడివిడిగా లెక్కకొస్తాయి. ‘శ్రీ’ ఒక్కటే 12 బైట్లు. అంటే మొత్తం 85 గుర్తులు దాటకూడదు. పల్లవి, రాగం, తాళం, పాడినవారి పేరు అన్నీ ఫైల్ పేరులో ఇరికిస్తే ఇట్టే దాటిపోతుంది. ఫైల్ పేరులో పల్లవి మొదటి రెండు మూడు మాటలుంచి, మిగతావి ట్యాగుల్లోకి మార్చండి.

ఎక్కినా ప్లేయర్‌లో కనిపించనివి వేరే సంగతి. ఆ ఫోల్డర్లో ‘డాట్ నోమీడియా’ అనే ఫైల్ ఉంటే తీసేసి ఫోన్ రీస్టార్ట్ చేయండి. ఫోన్‌ని కంప్యూటరే గుర్తించకపోతే కేబుల్ మార్చి చూడండి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేవి చాలా ఉంటాయి. ప్లేలిస్ట్ ఖాళీగా వస్తే దాని ఎం3యూ8 ఫైల్‌ని (పాటల జాబితా రాసి ఉండేది) నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అందులో ‘డి కోలన్’తో మొదలయ్యే దారులుంటే ఫోన్‌కి అర్థం కావు, ఫోల్డర్ పేరు నుంచే మొదలయ్యేలా మార్చాలి.

ఇంట్లో పాత ఐపాడ్ ఉంటే, కొత్త కంప్యూటర్‌కి తగిలించగానే ‘ఎరేజ్ అండ్ సింక్’ అని అడుగుతుంది. క్యాన్సిల్ కొట్టండి. ఒప్పుకుంటే అందులో ఉన్నవన్నీ పోతాయి. ఐటీఎల్‌తో సహా పాత ఐట్యూన్స్ ఫోల్డర్ తెచ్చి, షిఫ్ట్ నొక్కిపట్టి ఐట్యూన్స్ తెరిచి, ‘చూజ్ లైబ్రరీ’లో దాన్ని చూపించాకే ఐపాడ్ తగిలించండి.