పైకాన్‌కు పంపాలా, పేపరు ప్రచురించమనాలా?

ప్రశ్న: మా అమ్మాయి రాజమహేంద్రవరం దగ్గరి కాలేజీలో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతోంది. బెంగళూరులో జరిగే పైకాన్ ఇండియా అనే ప్రోగ్రామింగ్ సదస్సుకు వెళ్తానని పట్టుబడుతోంది. దానివల్ల చేతికి వచ్చే సర్టిఫికెట్ ఏమిటో నాకు అర్థం కావడం లేదు. తన స్నేహితురాలు ఫీజు కట్టి ఒక అంతర్జాతీయ సదస్సులో పరిశోధన పేపరు ప్రచురించుకుంది. ఎమ్మెస్‌కు అదే బలమని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. రెండింటిలో ఏది మేలు? బెంగళూరులో మాకు తెలిసినవారెవరూ లేరు. అమ్మాయికి ఇంగ్లిషులో మాట్లాడాలంటే బెరుకు. నేను వెంట వెళ్లడం మంచిదా?

జవాబు: సదస్సుల కాలం వచ్చిందంటే ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నాకు వస్తూనే ఉంటుంది. ఏది మేలని అడిగే తల్లిదండ్రుల్లో ఎక్కువమందికి నిద్రపట్టనివ్వనిది, పిల్ల తెలియని ఊళ్లో ఒంటరిగా దిగుతుందనే భయం. దాని వెంటే, తోటివాళ్లంతా ఏదో ఒకటి సంపాదించుకుంటుంటే మనమ్మాయి వెనకబడుతుందేమోనన్న దిగులు ఉంటుంది. మీ ఉత్తరంలో రెండూ కనిపిస్తున్నాయి కాబట్టి, రెండింటికీ జవాబు చెబుతాను.

ముందుగా ఆ పేపరు సంగతి. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇప్పుడు బాగా నడుస్తున్న ఈ ధోరణి మీద నాకు చాలా అనుమానాలున్నాయి. నిజమైన పరిశోధన సదస్సులో పేపరును ఆ రంగంలోని నిపుణులు చదువుతారు, తప్పులు చూపిస్తారు, తరచూ తిరస్కరిస్తారు, అందుకు వారాలో నెలలో పడుతుంది. పంపిన రెండు మూడు రోజులకే అభినందనలు తెలుపుతూ, ఎంతమంది రచయితలుంటే అన్ని ఫీజులు కట్టమని మెయిలు వచ్చిందంటే దాన్ని ఎవరూ చదవలేదనే అర్థం. ఇంజనీరింగ్, వైద్యం, మేనేజ్‌మెంట్, సాహిత్యం అన్నీ ఒకే సదస్సులో, ఒకే హోటల్ హాల్లో, ఒకే రోజున చర్చిస్తారని ప్రకటనలో ఉంటే ఇక ఆలోచించనక్కరలేదు. పరిశోధన పత్రికలు, సదస్సుల సూచిక అయిన స్కోపస్‌లో ఉందని చెబితే, స్కోపస్ వెబ్‌సైటులో ఉచితంగా దొరికే జాబితాలో ఆ పేరు వెతికించండి. యూజీసీ గుర్తింపు ఉందని చెబితే మరింత జాగ్రత్త పడండి. యూజీసీ గుర్తించిన పరిశోధన పత్రికల జాబితా అయిన యూజీసీ కేర్‌ను 2025లోనే ఆపేశారు, అయినా దాని పేరుతో ఫీజులు వసూలు చేసేవాళ్లు ఇంకా ఉన్నారు.

స్నేహితురాలి పేపరు ఎలాంటిదో చూడకుండా నేను తీర్పు చెప్పను. అయితే ఎమ్మెస్ దరఖాస్తు చదివే అధ్యాపకులకు ఏ సదస్సు విలువ ఎంతో మనకంటే బాగా తెలుసు. విద్యార్థి స్వయంగా చేసిన పని, దాన్ని దగ్గరుండి చూసిన గురువు రాసే సిఫారసు ఉత్తరం, ఎందుకు చదవాలనుకుంటోందో తన మాటల్లో రాసుకున్న ఎస్ఓపీ, వీటి పక్కన డబ్బిచ్చి తెచ్చుకున్న సర్టిఫికెట్ నిలబడదు. పైగా ఇంటర్వ్యూలో ఆ పేపరు మీద రెండు ప్రశ్నలు వేస్తే, రాయనివారు చెప్పలేరు.

ఇక్కడ మీతో కొంచెం కటువుగా మాట్లాడాలి. మూడేళ్లుగా మార్కులు, బ్యాక్‌లాగులు, సర్టిఫికెట్లు తప్ప మరొకటి ఇంట్లో మాట్లాడకపోతే, తనకై తాను ఒక విషయం నేర్చుకోవాలనుకుని, దాని కోసం ప్రయాణం చేస్తానన్న పిల్ల మీకు మొండిపిల్లలా కనిపిస్తుంది. మీరు సంతోషించవలసిన సందర్భంలో చేతికేమొస్తుందని లెక్క అడిగారు. ఆ లెక్క మానుకోండి.

పైకాన్ ఇండియా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్ల వార్షిక సదస్సు. 2009లో బెంగళూరులో మొదలైంది. 2023లో హైదరాబాద్‌లో, 2024, 2025 సంవత్సరాల్లో మళ్లీ బెంగళూరులో జరిగింది. దాన్ని నడిపేవాళ్లు స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు. అందరూ పాటించవలసిన ప్రవర్తన నియమావళి ఉంటుంది, ఇబ్బంది కలిగితే ఫిర్యాదు తీసుకునే బృందమూ ఉంటుంది. ఖర్చు భారమైతే ఆర్థిక సహాయానికి దరఖాస్తు చేసుకోవచ్చు, కానీ గడువు సదస్సుకు చాలా ముందే ముగుస్తుంది కాబట్టి ఈ వారమే చూడమనండి.

అక్కడ మీ అమ్మాయికి ఎక్కువగా పనికొచ్చేది పెద్ద వేదిక మీది ప్రసంగాల కంటే డెవ్‌స్ప్రింట్ అనే కార్యక్రమమని నా అభిప్రాయం. కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులను నడిపేవాళ్లే కొత్తవాళ్ల పక్కన కూర్చుని, చిన్న లోపాన్ని ఎంచుకోవడం, సరిచేయడం, ఆ మార్పును గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే వెబ్‌సైటులో పంపడం దగ్గరుండి చేయిస్తారు. ఆ మార్పు అంగీకరిస్తే అది తన పేరుతో అందరికీ కనిపించేలా ఉండిపోతుంది, మీరడిగిన సర్టిఫికెట్ కంటే దానికే విలువ ఎక్కువ. అయితే ఇందుకు ఇంట్లోనే సిద్ధం కావాలి. వందలమంది ఒకేసారి వాడే వైఫై నత్తనడక నడుస్తుంది కాబట్టి పైథాన్, కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ ముందే ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని, తనకు నచ్చిన ప్రాజెక్టు కోడ్‌ను దింపుకుని, ఒకసారి నడిపి చూసుకుని వెళ్లాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి సంచిలో ఉంటే పక్కవాళ్లతో పరిచయం కూడా సులువవుతుంది.

ఇంగ్లిషు బెరుకుకు నేను చెప్పే సాధన చిన్నది. తానెవరు, ఏం చేసింది, ఎక్కడ చిక్కుకుంది అనే మూడు వాక్యాలు రాసుకుని, కంఠతా పట్టకుండా, రోజుకొకసారి పైకి చెప్పుకోవాలి. ఉదాహరణకు, "మా కాలేజీ బస్సుల వేళలు చూపే ప్రోగ్రామ్ రాశాను, బస్సు ఆలస్యమైనప్పుడు సమయం సవరించడం దగ్గర ఆగిపోయాను" అని చెప్పగలిగితే, ఎదుటివారు వ్యాకరణం వదిలేసి ఆ చిక్కు గురించే మాట్లాడతారు. పైగా బెంగళూరులో, అందులోనూ సాఫ్ట్‌వేర్ వాళ్ల మధ్య, తెలుగు వినబడని రోజంటూ ఉండదు.

ఊరి విషయంలో కొన్ని జాగ్రత్తలు చాలు. పగటిపూట దిగే రైలు ఎంచుకోండి. టికెట్ మీద చివరి స్టేషన్ పేరు చూసుకోండి: మెజెస్టిక్ దగ్గరి కేఎస్ఆర్ బెంగళూరు, యశ్వంతపుర, బయ్యప్పనహళ్లిలోని ఎస్ఎంవీటీ (సర్ ఎం. విశ్వేశ్వరయ్య టెర్మినల్) మూడూ వేరువేరు చోట్ల ఉన్నాయి. బయ్యప్పనహళ్లి మెట్రో స్టేషన్ ఎస్ఎంవీటీకి ఆనుకుని లేదు. కర్ణాటకలో మహిళల ఉచిత బస్సు పథకం ఆ రాష్ట్రవాసులకే వర్తిస్తుంది కాబట్టి మన ఆధార్ చూపితే చెల్లదు, టికెట్‌కు చిల్లర ఉంచుకోమనండి. బసను చవకగా దొరికే చోట కాకుండా సదస్సు జరిగే చోటికి దగ్గరలో, మహిళల హాస్టల్లో గానీ పేరున్న లాడ్జిలో గానీ ముందే మాట్లాడి, ఆ చిరునామా మీ దగ్గరా రాసి ఉంచుకోండి. రైల్లో ఇబ్బందికి 139, ఎక్కడైనా అత్యవసరానికి 112. అదే సదస్సుకు మీ జిల్లా నుంచి మరో అమ్మాయి వెళ్తుంటే ఇద్దరూ కలిసి ప్రయాణించడం అన్నిటికంటే హాయి. వాళ్ల కాలేజీ కోడింగ్ క్లబ్‌లో అడిగితే తెలుస్తుంది.

మీరు వెంట వెళ్లడం గురించి అడిగారు. మీ భయం సహజమే, దాన్ని తప్పుపట్టను. మీకు అంత ఆందోళనగా ఉంటే బెంగళూరు దాకా వెళ్లండి, బసలో దింపండి, మొదటి రోజు ఉదయం దారి చూపించండి. సదస్సు గేటు దగ్గర మాత్రం ఆగిపోండి. నాన్న పక్కన కూర్చున్న ఇరవయ్యేళ్ల అమ్మాయితో ఎవరూ మనసు విప్పి పని గురించి మాట్లాడరు, తనూ మాట్లాడదు. రాత్రి ఒక నిర్ణీత సమయానికి ఒకసారి ఫోన్ చేసేలా మాట తీసుకోండి, మధ్యలో గంటగంటకూ మీరు చేయకండి. ఫోన్ చేసినప్పుడు ఏం తిన్నావని అడిగాక, ఎవరితో మాట్లాడావు, ఏం విన్నావు అని కూడా అడగండి. మీకు అర్థం కాకపోయినా చెప్పనివ్వండి.