ఎమ్మెల్యే అసెంబ్లీలో అన్న మాటకు పరువునష్టం దావా వేయొచ్చా?

వేయలేరు. సభలో అన్న మాటకు, వేసిన ఓటుకు కోర్టులో జవాబు చెప్పుకోవాల్సిన పని లేకుండా రాజ్యాంగంలోని 194(2) అధికరణ ఎమ్మెల్యేలను కాపాడుతుంది. ఎంపీలకైతే 105(2). పూరీ శంకరాచార్యను లోక్‌సభలో విమర్శించారని ఆయన అనుచరులు దావా వేస్తే, 1970లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రతివాదుల్లో అప్పటి స్పీకర్, మన నీలం సంజీవరెడ్డి కూడా ఉన్నారు!

అలాగని నోటికి అడ్డే లేదనుకోకండి. స్పీకర్ ఆ మాటల్ని రికార్డుల నుంచి తీసేయించొచ్చు. విధి నిర్వహణలో జడ్జీల తీరుపై అసెంబ్లీలో చర్చ కుదరదు. అవే మాటలు బయటికొచ్చి మీడియా పాయింట్‌ దగ్గర అంటే మాత్రం మామూలు పౌరుడిలాగే కేసు ఎదుర్కోవాలి.

మరి లంచం తీసుకుని ఓటేస్తే? పీవీ నరసింహారావు కేసులో 1998లో సుప్రీంకోర్టు దానికీ రక్షణ ఉందంది. వింతే. 2024 మార్చిలో ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది.