పిల్లల కథల మీద పీహెచ్‌డీనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఇంగ్లిష్ ఆఖరి సంవత్సరం. మార్క్ ట్వేన్ లాంటి పాతకాలపు అమెరికన్ రచయితల హాస్యం, పిల్లల పుస్తకాల మీదే పైచదువులు చదువుతానంటోంది. లోన్ తీసుకుని ఎంఏకి అమెరికా పంపమంటారా? అసలు ఉద్యోగం వస్తుందా? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: లోన్ తీసుకుని మాత్రం పంపకండి. ఇంజినీరింగ్ ఎమ్మెస్ లెక్క వేరు, ఇంగ్లిష్ ఎంఏ లెక్క వేరు. అంత అప్పు తీర్చే జీతం దీంతో వెంటనే రాదు. ఎంఏ ఇక్కడే చేయించండి. ఉస్మానియాకైతే సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకైతే సీయూఈటీ పీజీ రాయాలి. అమెరికన్ సాహిత్యానికి హైదరాబాద్ కొత్తేమీ కాదు, అమెరికా సాహిత్యం, చరిత్ర లాంటి వాటి కోసమే ఉస్మానియా క్యాంపస్‌లో 1964లోనే ఒక పరిశోధన కేంద్రం పెట్టారు.

పిల్లల కథలేగా అని తీసిపారేయకండి. 1876లో వచ్చిన ట్వేన్ నవల 'టామ్ సాయర్'లో కంచెకు సున్నం కొట్టే ఘట్టం ఉంది. శిక్షగా పడిన పనిని టామ్ అదేదో మహాభాగ్యమన్నట్టు చేస్తుంటాడు. తోటి పిల్లలు ఎదురు లంచమిచ్చి మరీ బ్రష్ అందుకుంటారు. ఆ లంచాల్లో ఒంటికన్ను పిల్లికూన, ఏ తాళానికీ పట్టని తాళంచెవి, గిరగిరా తిప్పడానికి తాడుతో సహా చచ్చిన ఎలుక! చదివితే ఎవరికైనా నవ్వొస్తుంది. ఎందుకొచ్చిందో ఇరవై పేజీలు రాయడమే కష్టం. 1885లో అమెరికాలోని కాంకర్డ్ పబ్లిక్ లైబ్రరీ ట్వేన్‌దే మరో నవల 'హకల్‌బెరీ ఫిన్' పనికిరాదని పక్కన పెట్టేసింది. లూయిసా మే ఆల్కాట్ పిల్లల నవల 'లిటిల్ విమెన్' రాసింది ఆ ఊళ్లోనే. పిల్లలకు ఏది తగుతుందన్న ఆ గొడవ మీదే ఒక థీసిస్ రాయొచ్చు.

ఎంఏ తర్వాత నెట్, అంటే లెక్చరర్ అర్హత పరీక్ష రాయాలి. అందులో మంచి ర్యాంకుతో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. అయితే సిలబస్‌లో షేక్‌స్పియర్ నుంచి సాహిత్య సిద్ధాంతాల (థియరీ) దాకా అన్నీ ఉంటాయి, ట్వేన్ ఒక్కడే గట్టెక్కించడు. ఇక్కడ పీహెచ్‌డీలో చేరాక ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్‌తో కొన్ని నెలలు అమెరికా వెళ్లొచ్చు. నేరుగా అక్కడే పీహెచ్‌డీ అంటే, ఫీజు మాఫీ, స్టైపెండ్ రెండూ ఇస్తేనే వెళ్లాలి. లెక్చరర్ పోస్టుల నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో చెప్పలేం. ఈలోగా గెస్ట్ ఫ్యాకల్టీ, ఎడిటింగ్, అనువాదం లాంటి పనులతో నెట్టుకురావాలి. ఈ సంగతి అమ్మాయికి ముందే చెప్పండి.

ఒక పని చేయండి. నండూరి రామ్మోహనరావు గారు తెలుగు చేసిన 'హకల్‌బెరీ ఫిన్'నీ, మూలాన్నీ పక్కపక్కన పెట్టుకుని, అందులో పారిపోయిన బానిస జిమ్ మాట్లాడే యాస తెలుగులోకి ఎలా వచ్చిందో నాలుగు పేజీలు రాయమనండి. నెలలోగా రాసిచ్చిందా, ఎంఏ ఎంట్రన్స్‌కి ఫీజు కట్టేయండి. రాయకుండా సినిమా చూసి సరిపెట్టిందా, బీఈడీ గురించి మాట్లాడుకుందాం.