తొమ్మిదో పేజీ ఒక్కటీ తియ్యి

విశాఖపట్నం

తమ్ముడూ,

నీ స్క్రిప్టు 42 పేజీలూ చదివాను. పేజీకి నిమిషం అని సినిమావాళ్ళ లెక్క. అంటే దాదాపు ముప్పావు గంట. ఒక ఫోను, ఇద్దరు స్నేహితులు, ఆదివారాలు తప్ప ఏమీ లేని నీ చేతిలో అది పూర్తవ్వదు. నాకు తొమ్మిదో పేజీ బాగా నచ్చింది. జాలరిపేటలో తల్లి చేపలు వాటాలు పెడుతూ, కొడుకు ఫోన్ చేస్తున్నా ఎత్తదు. అదొక్కటీ నిదానంగా తియ్యి, మూడు నిమిషాలు వస్తుంది. మిగతావి బీరువాలో పెట్టు, ఎక్కడికీ పోవు.

డ్రోన్ షాట్లు కొట్టెయ్. నేవీ ఉన్న ఊరు మనది. అనుమతి లేకుండా ఎగరేస్తే పోలీస్ స్టేషన్లో కథ చెప్పుకోవాల్సొస్తుంది.

ఇక బీచ్. విశాఖలో కెమెరా పట్టినవాడు ముందు అక్కడికే పరిగెడతాడు, నేనూ అంతే. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో సముద్రం వెనకాల ఉండేలా హీరోని నిలబెట్టా. సూర్యుడు లేచేదీ అటే కదా, మొహం మసిబొగ్గులా వచ్చింది. సముద్రం వెనక కావాలంటే సాయంత్రం వెళ్ళాలి, ఎండ ఊరి వైపు నుంచి మొహం మీద పడుతుంది. ఆ తప్పు మర్నాడు దిద్దుకున్నా. దిద్దుకోలేనిది సౌండ్. ఇంటికొచ్చి వింటే గాలి హోరే తప్ప ఒక్క డైలాగూ లేదు. దుప్పటి కప్పుకుని డబ్బింగ్ చెప్పాం. పెదాలొక దారి, మాటలొక దారి. ఏడవాల్సిన చోట జనం నవ్వారు.

అందుకే లెన్సులు కొనకు. డబ్బులుంటే కాలర్ మైకు, దానికి గాలి ఆపే బొచ్చు తొడుగు కొను. బొమ్మ మసగ్గా ఉన్నా ఓర్చుకుంటారు గానీ, మాట వినపడకపోతే లేచిపోతారు. తీసిన ప్రతి చోటా ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఊరికే రికార్డు చెయ్. ఎడిటింగ్‌లో మాటల మధ్య ఖాళీలు పూడ్చడానికి అదే దిక్కు. ట్యూబ్‌లైట్ కింద బొమ్మ మిణుకుమంటే కెమెరా షటర్ స్పీడు 1/50 సెకను గానీ 1/100 గానీ పెట్టు, మన కరెంటు 50 హెర్ట్జ్, దానికి కలవాలి. ఎడిటింగ్‌కి డావిన్చీ రిజాల్వ్ ఉచితంగా దొరికేదే చాలు.

నీ సీన్లో తల్లి ఫోన్ వంక చూస్తూ "నా బాధ నీకేం తెలుసురా" అంటుంది. ఆ డైలాగు తీసెయ్. తడి చేతులు చీరకి తుడుచుకుని, పేరు చూసి, మళ్ళీ చేపల మీద నీళ్ళు చల్లిందని రాయి. ఇలాంటివి గదిలో కూర్చుంటే తట్టవు. రెండు పొద్దులు కెమెరా లేకుండా ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళు. వేలంపాట దగ్గర ఓ పక్కన నిలబడి ఎవరి చేతులు ఏం చేస్తున్నాయో చూడు. తీసే రోజు అడిగి తియ్యి. బేరాల వేళ అడ్డొస్తే తిడతారు, తిట్టాలి కూడా.

కొనేలోగా నా మైకు వాడుకో. ఆదివారంలోపు వచ్చి పట్టుకెళ్ళు. బ్యాటరీ మూత ఊడింది, రబ్బరు బ్యాండు వేసి ఉంచా. అది మాత్రం తియ్యకు.

ఉంటాను,
అన్నయ్య