వెట్టెల్ నిజంగా అంత తప్పులు చేశాడా, మీడియానే వెంటపడిందా?

ముందే చెప్తున్నా, 2011లో గ్రేటర్ నోయిడాలో మన దేశపు మొదటి ఎఫ్1 (ఫార్ములా వన్ కార్ల పందెం) రేసు గెలిచినప్పటి నుంచి నేను జర్మన్ డ్రైవర్ సెబాస్టియన్ వెట్టెల్ ఫ్యాన్‌ని, కాబట్టి జవాబు కాస్త అటు మొగ్గితే సర్దుకోండి. తర్వాత అతను ఫెరారీ టీమ్‌కి నడిపాడు, దాని పెద్ద పోటీ మెర్సిడెస్ బెంజ్. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఇల్లు పెట్టుకుని ఫెరారీకి సపోర్ట్ ఏంట్రా అని మా ఫ్రెండ్స్ ఎప్పుడూ ఏడిపించేవాళ్లు, అది వేరే సంగతి.

మీరు అడిగింది 2017, 2018 సీజన్ల గురించి. అప్పట్లో ప్రెషర్ వస్తే చేతులెత్తేస్తాడని ఒక వర్గం, బ్రిటిష్ మీడియా తమ దేశపు డ్రైవర్, అప్పట్లో మెర్సిడెస్‌లో ఉన్న లూయిస్ హామిల్టన్ కోసమే ఇతన్ని తిడుతోందని ఇంకో వర్గం. నాకైతే ఇద్దరూ రెండు వేర్వేరు విషయాల్ని ఒకే గాటన కట్టేస్తున్నారనిపిస్తుంది. ఇది నాకు అర్థమైంది రేసులు చూసి కాదు, మా నాన్న వల్ల.

నాన్న లారీ డ్రైవర్. ఆటోనగర్‌లో క్లీనర్‌గా మొదలుపెట్టి ముప్పై ఏళ్లు బండి నడిపాడు. 2018 జులై 22, ఆదివారం సాయంత్రం, నేను జర్మనీలోని హాకెన్‌హైమ్ రేసు చూస్తుంటే పక్కన మంచం మీద పేపర్ చదువుకుంటున్నాడు. వెట్టెల్ పుట్టిపెరిగిన హెప్పెన్‌హైమ్ ఆ ట్రాక్‌కి దగ్గరే, సొంత జనం ముందు లీడ్‌లో ఉన్నాడు, 67 ల్యాపుల్లో (ట్రాక్ చుట్టూ చుట్లు) 51 అయిపోయాయి. చినుకులు పడుతున్నాయి, ట్రాక్ కొంత తడి, కొంత పొడి, ఇతను ఇంకా పొడి ట్రాక్ టైర్ల మీదే ఉన్నాడు. నాన్న తలెత్తి చూసి "ఇప్పుడు ఎవడో ఒకడు జారతాడు చూడు" అన్నాడు. జారింది మావాడే. ముందు చక్రం లాక్ అయ్యి, గులకరాళ్ల మీదుగా సూటిగా వెళ్లి గోడకి కొట్టుకున్నాడు. స్టీరింగ్‌ని గుద్దుతూ, రేడియోలో టీమ్‌కి సారీ చెప్తూ, గొంతు పూడుకుపోయి. నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

నాన్న మాత్రం చాలా తేలిగ్గా తీసుకున్నాడు. "పెద్ద వానకి భయపడక్కర్లేదురా, రోడ్డు కడుక్కుపోద్ది, మనమూ నెమ్మదిగా పోతాం. తుంపర పడ్డప్పుడే ప్రమాదం. దుమ్ము, ఆయిలు కలిసి రోడ్డంతా జిడ్డు తేలుద్ది, మనమేమో చినుకులే కదా అనుకుంటాం. చక్రం ఆగిపోయాక స్టీరింగ్ తిప్పినా ఒకటే, తిప్పకపోయినా ఒకటే." రేసు కారుకి ఇంకో చిక్కు కూడా ఉంది, ఆ టైర్లకి నీళ్లు బయటకి తోసే గాడులు ఉండవు, చల్లబడితే పట్టు కూడా పోతుంది. బ్రేక్ రవ్వంత ఎక్కువ పడితే చాలు.

ఆ రవ్వంతకి పడ్డ శిక్ష చూడండి. రేసుకి ముందు సీజన్ పాయింట్లలో హామిల్టన్ మీద 8 పాయింట్ల ఆధిక్యం, 14వ స్థానం నుంచి మొదలుపెట్టిన హామిల్టన్ గెలిచేసరికి 17 పాయింట్లు వెనక. 2008లో 21 ఏళ్ల వయసులో ఇటలీలోని మోంజాలో తడి ట్రాక్ మీద టోరో రోసో లాంటి చిన్న టీమ్‌తో గెలిచినవాణ్ణి పట్టుకుని, తెల్లారేసరికి వీడికి వానలో నడపడం రాదన్నారు.

నాన్నకీ ఇలాంటిదే జరిగింది. నేను టెన్త్‌లో ఉండగా గుంటూరు యార్డు నుంచి మిర్చి లోడుతో చెన్నై వెళ్తున్నాడు. చిలకలూరిపేట దాటాక తుంపర, ముందు కారు ఉన్నట్టుండి ఆగింది, ఈయన బ్రేక్ కొడితే బండి జారి డివైడర్ ఎక్కి పక్కకి ఒరిగింది. క్లీనర్‌కి మోచెయ్యి గీసుకుపోవడం తప్ప ఎవరికీ ఏం కాలేదు, మిర్చి టిక్కీలు (బస్తాలు) మాత్రం రోడ్డంతా. మర్నాడు పేపర్లో నాలుగు లైన్ల వార్త, "డ్రైవర్ నిర్లక్ష్యం" అని. ఏం జరిగిందని ఆయన్ని అడిగినవాడు లేడు. తర్వాత రెండేళ్లు ఏ పెళ్లికి వెళ్లినా "ఏంటి బావా, హైవే మీద మిర్చి ఆరబోశావంట" అనే పలకరింపు. (క్యాబిన్‌లో ఎఫ్1 కార్లలాగా మైక్ ఉండి ఉంటే ఆ నిమిషంలో ఏం వినపడేదో ఇక్కడ రాయలేను.)

అలాగని ఆ ఏడాది వెట్టెల్ మీద రాసినదంతా అన్యాయం అనను. ఫ్రాన్స్‌లో బొటాస్‌తో, మోంజాలో మొదటి ల్యాప్‌లోనే హామిల్టన్‌తో, జపాన్ సుజుకాలో వెర్‌స్టాపెన్‌తో, అమెరికా ఆస్టిన్‌లో రికార్డోతో, ఇలా తోటి డ్రైవర్లతో పక్కపక్కన పోరులో పదే పదే తగిలించుకున్నాడు. సీజన్ చివరికి హామిల్టన్‌కి 408 పాయింట్లు, ఇతనికి 320. నాలుగుసార్లు చాంపియన్ అయినవాడు ఇలా చేస్తే రాయకుండా ఎలా ఉంటారు? కానీ అది డ్రైవింగ్ గురించి. దాన్ని పట్టుకుని మనిషే అంత అంటే మాత్రం నేను ఒప్పుకోను.

2017లో అజర్‌బైజాన్‌లోని బాకు రేసు అలాంటిది కాదు. సేఫ్టీ కార్ (ప్రమాదం జరిగితే అందర్నీ నెమ్మదిగా నడిపించే కారు) వెనక వెళ్తూ హామిల్టన్‌ని గుద్ది, అతను కావాలనే బ్రేక్ వేశాడనుకుని పక్కకొచ్చి చక్రంతో చక్రాన్ని కొట్టాడు. డేటా చూస్తే హామిల్టన్ అసలు బ్రేకే వెయ్యలేదు. వెట్టెల్‌కి 10 సెకన్ల స్టాప్ అండ్ గో (కారు ఆపి అంతసేపు నిలబడాల్సిన శిక్ష) పడింది. హామిల్టన్‌కి హెడ్‌రెస్ట్ ఊడి పిట్‌కి (మెకానిక్‌లు ఉండే చోటుకి) రావాల్సి రావడంతో చివరికి వెట్టెలే అతని కంటే ఒక స్థానం ముందు, నాలుగోవాడుగా వచ్చాడు, రేసయ్యాక కూడా తప్పు ఒప్పుకోలేదు. నోటి దురుసు కూడా కొత్తేం కాదు, 2012 మలేషియాలో మన నరేన్ కార్తికేయన్ కారు తగిలి టైర్ పోయినప్పుడు అతన్ని దోసకాయ అన్నాడు. జర్మన్లకి అది తిట్టట, మనకైతే పప్పులోకి. ఇవన్నీ తెలిసి కూడా బాకు విషయంలో మేం ఫ్యాన్స్ అందరం "స్పీడ్ తక్కువే కదా, ఎవరికీ ఏం కాలేదు కదా" అని వాదించాం. నేనైతే గొంతు పోయేలా వాదించాను.

హాకెన్‌హైమ్ రోజు రాత్రే నాన్నకి ఆ బాకు వీడియో ఫోన్‌లో చూపించి, ఇదే మాట అన్నాను. రెండోసారి పెట్టమన్నాడు. తర్వాత కాసేపటికి, కాజ టోల్ గేట్ దాటాక ఒక రాత్రి ప్రైవేట్ బస్సువాడు వెనక నుంచి హారన్‌తో ప్రాణం తీస్తుంటే, అది పక్కకి రాగానే భయపెడదామని స్టీరింగ్ దాని మీదకి తిప్పానని చెప్పాడు. బస్సులో జనం నిద్రలో ఉండి ఉంటారు. వాడు బ్రేక్ కొట్టాడు, తగల్లేదు. ఏ పేపర్లోనూ రాలేదు, అమ్మకి కూడా ఇప్పటిదాకా తెలీదు.

"ఆ కుర్రాడు తర్వాత సారీ చెప్పాడా?" అని అడిగాడు.

వారం తర్వాత చెప్పాడు నాన్నా అన్నాను.

"నయమే. నేను ఆ బస్సు నంబర్ కూడా చూసుకోలేదు" అని ఫోన్ నా చేతికిచ్చి పడుకున్నాడు.